కొత్త సైకిలుకి మొదటి నెల

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయంటే ఇంట్లో ఖర్చులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా అండీ! పుస్తకాలు, బట్టలు, చెప్పులు, సంచులు. పై తరగతికి పక్క ఊరు వెళ్ళాల్సిన పిల్ల ఉంటే ఒక సైకిలు కూడా. మన రాష్ట్రంలో మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ ముందు వారం పది రోజులూ సైకిలు షాపుల్లో నిలబడడానికి చోటుండదు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం కూడాను. 2018 నుంచి ఐక్యరాజ్య సమితి జరుపుతోంది. అందుకే ఈ వారం ఆవకాయ జాడీల సంగతి కాస్త పక్కన పెట్టి సైకిలు గురించి చెప్పుకుందాం.

సైకిలు కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ వెళతాం. బొట్టు పెడతాం, దండ వేస్తాం, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తాం. ఆ తరవాత దాని వంక చూసేవాళ్ళే ఉండరు! గాలి దిగిపోతే పిల్ల చెప్పాలి. బ్రేకు పడకపోతే పిల్ల పడాలి. అప్పుడుగానీ మనకి తెలీదు. మగపిల్లాడైతే వాడే బజారుకి తోసుకెళ్ళి బాగుచేయించుకుని వస్తాడు. ఆడపిల్ల సైకిలు పాడైతే అది గోడకి చేరుతుంది. రెండ్రోజులు ఆటో ఎక్కుతుంది. ఆటోకి డబ్బులు సర్దుబాటు కాని రోజున "ఇవాళ్టికి ఉండిపోవే" అంటాం. బడి మానడం ఎప్పుడూ అలా ఒక్క రోజుతోనే మొదలవుతుందండీ.

ఈ మాట ఊరికే అనడం లేదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోమని 2,000 రూపాయలు చొప్పున ప్రభుత్వం ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి చూస్తే, ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగిందని తేలింది. అదీ బడి మూడు కిలోమీటర్లు, అంతకంటే దూరం ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ. మన పక్కనున్న తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు ఆడవాళ్ళకి సైకిలు తొక్కడం నేర్పారు. వేల మంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొనుక్కుని నడిపారట, ముందు బారు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని కూడాను! మన రాష్ట్రంలోనూ 2019కి ముందు 'బడికొస్తా' అని ప్రభుత్వ బళ్ళల్లో చదివే ఆడపిల్లలకి సైకిళ్ళు పంచారు.

సైకిలు ఇవ్వడానికి ప్రభుత్వమో, కొనడానికి ఇంటాయనో ఉంటారు. దాన్ని నడిచేలా ఉంచేది మాత్రం ఇంట్లో ఉండే మనమే. అదేమీ మగవాళ్ళ విద్య కాదు. ప్రెషర్ కుక్కరు గాస్కెట్టు మార్చేవాళ్ళకి, కుట్టుమిషనుకి నూనె వేసేవాళ్ళకి సైకిలు ఒక లెక్కా?

కొనేటప్పుడు ఎత్తు చూడండి

"పెరిగే పిల్ల కదా, పెద్దది కొంటే నాలుగేళ్ళు వస్తుంది" అంటాం. గౌనుకైతే మడత వేసి కుట్టించుకోవచ్చు. సైకిలుకి మడత వెయ్యలేం కదండీ! కాలు అందని సైకిలు మీద పిల్ల ఆగలేదు, దిగలేదు. ఆగలేక పడిపోతుంది.

పిల్లని షాపుకి తీసుకెళ్ళి ఎక్కించి చూడండి. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి ఆనాలి. కొత్తగా నేర్చుకునే పిల్లైతే పాదం మొత్తం ఆనాలి. బాగా వచ్చాక కొంచెం ఎత్తుకోవచ్చు. తొక్కేటప్పుడు పెడలు అన్నిటికంటే కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటే ఎత్తు సరిపోయినట్టు. మరీ వంగిపోతే మోకాళ్ళ నొప్పులు. పూర్తిగా చాచాల్సి వస్తే సీటు మీద అటూ ఇటూ జారుతూ తొక్కుతుంది, నడుము నొప్పి.

సీటు కింద ఉండే గొట్టం మీద ఒక గీత అచ్చువేసి ఉంటుంది. సీటు ఎంత పైకి లేపినా ఆ గీత బయటికి కనపడకూడదు. కనపడిందంటే గొట్టం లోపల చాలినంత లేదని అర్థం. గోతిలో చక్రం పడగానే సీటు ఊడిపోవచ్చు. హ్యాండిలు గొట్టానికీ ఇదే లెక్క.

షాపులోంచి కదిలే ముందు

కొత్త సైకిలు కదా, అన్నీ బాగానే ఉంటాయి అనుకోకండి. కంపెనీ నుంచి సైకిలు విడి భాగాలుగా అట్టపెట్టెలో వస్తుంది. హ్యాండిలు, చక్రాలు, పెడళ్ళు, బ్రేకులు షాపులోనే బిగిస్తారు. బళ్ళు తెరిచే రోజుల్లో ఒక్కో కుర్రాడు రోజుకి ఎన్ని బిగించాలో పాపం! మనం ఓ పది నిమిషాలు నిలబడి ఇవి చూసుకోవాలి.

1. హ్యాండిలు: సైకిలుకి ఎదురుగా నిలబడి ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిలు పక్కకి తిప్పండి. చక్రం కదలకుండా హ్యాండిలు ఒక్కటే తిరిగిందంటే బిగించలేదన్నమాట.

2. ముందు ఫోర్కు: ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింద కొంచెం వంపు ఉంటుంది. ఆ వంపు ముందుకి ఉండాలి. హడావిడిలో వెనక్కి తిప్పి బిగించేసిన సైకిళ్ళు లేకపోలేదు. అలా ఉంటే మలుపులో పాదం ముందు చక్రానికి తగిలి పడిపోతారు.

3. చక్రాలు: ఒక్కో చక్రాన్ని ఎత్తి తిప్పి బ్రేకు రబ్బరు దగ్గర చూడండి. రిమ్ముకి, రబ్బరుకి మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట తగులుతూ ఒకచోట దూరంగా ఉంటే చక్రానికి బెండు ఉంది. తీసి ఇమ్మనండి. ఇరుసుకి రెండు వైపులా ఉండే నట్లు గట్టిగా ఉన్నాయో లేదో పానా వేయించి చూడండి.

4. బ్రేకులు: రబ్బర్లు రిమ్ముని మాత్రమే పట్టుకోవాలి. టైరుకి తగిలితే కొన్నాళ్ళకి టైరు కోసుకుపోయి పేలిపోతుంది. లివరు గట్టిగా నొక్కినప్పుడు హ్యాండిలుకి ఆనిపోకూడదు. పిల్ల వేళ్ళకి లివరు అందుతుందో లేదో కూడా చూడండి. పెద్దవాళ్ళ చేతికి అందేది చిన్న చేతికి అందకపోవచ్చు.

5. పెడళ్ళు: కుడిది, ఎడమది వేరువేరు. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది. బలవంతంగా మార్చి బిగిస్తే మర అరిగిపోయి నడి రోడ్డు మీద పెడలు ఊడొస్తుంది. గుర్తుకి ఒక చిన్న మాట చెబుతాను: పానా పిడిని పైనుంచి ముందు చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్ళూ బిగుస్తాయి.

6. చెయిను: మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడిస్తే అరంగుళం వరకు కదలాలి. అంతకంటే వదులైతే పడిపోతుంది. మరీ బిగువైతే తొక్కలేరు.

7. చెయిను కవరు, వెనక చక్రానికి జాలీ: "అందం కోసం" అనుకుని ఇవి వద్దనేవాళ్ళున్నారు. చున్నీ, ఓణీ, చీర కుచ్చెళ్ళు చక్రంలోకి పోకుండా ఆపేవి ఇవే.

8. గంట, రిఫ్లెక్టర్లు: ముందు తెల్లది, వెనక ఎర్రది, పెడళ్ళకి పసుపువి ఉండాలి. వీటికి ప్రమాణాలు పెడుతూ కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు కూడా ఇచ్చింది. లేకపోతే అడిగి వేయించుకోండి.

ఇంకోటి. ఫ్రేము మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. అది బిల్లు మీద రాయించుకుని రేషను కార్డు ఉన్నచోటే దాచండి. సైకిలు పోతే పోలీసులు మొదట అడిగేది అదే.

మొదటి నెల అసలైంది

కొత్త బట్ట ఉతికితే ముడుచుకున్నట్టే కొత్త సైకిలు తొక్కగా తొక్కగా సర్దుకుంటుంది. నట్లు వదులవుతాయి. బ్రేకు వైరు కొంచెం సాగుతుంది. చక్రం పుల్లలు సడలుతాయి. అది సైకిలు తప్పు కాదు, దాని స్వభావం. పాత పద్ధతి నల్ల సైకిలుకి ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 పుల్లలు ఉంటాయి. అన్నీ సమంగా లాగి పట్టుకుంటేనే చక్రం గుండ్రంగా నిలబడుతుంది. మా ఉప్పాడ మగ్గాల మీద పడుగు సంగతీ అంతే. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మా జాందానీ చీరకి ఒక్క పోగు సడలినా నేతలో తెలిసిపోతుంది. నేసేవాళ్ళు అప్పుడే ఆగి సరిచేసుకుంటారు, చీర అయ్యేదాకా ఆగరు. సైకిలు పుల్లలకీ ఆ శ్రద్ధే కావాలి. రెండు వదులైతే మిగతావాటి మీద బరువు పడుతుంది, అవీ విరుగుతాయి.

అందుకని పదిహేను రోజులకి ఒకసారి ఇంట్లోనే పానాతో అన్ని నట్లూ బిగువు చూడండి. నెల తిరిగేసరికి షాపుకి పంపి "బాబూ, పుల్లలు, బ్రేకులు, హ్యాండిలు ఒక్కసారి చూసివ్వు నాయనా" అని అడగండి. మొదటి సర్వీసు ఉచితంగా చేసే షాపులుంటాయి. కొనేటప్పుడే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి.

చెవి కూడా కాస్త పెట్టండి. తొక్కుతుంటే ప్రతి చుట్టుకీ ఒకసారి "టక్" అంటే పెడలు దగ్గరి కాటరు పిన్ను వదులైందన్నమాట. అలాగే తొక్కితే పిన్ను అరిగి, దాంతోపాటు ఇరుసూ పోతుంది. చిన్న నట్టు బిగిస్తే పోయేది పెద్ద ఖర్చులో పెడుతుంది.

గాలి సంగతి

గాలి తక్కువైన సైకిలు తొక్కడం ఇసకలో నడిచినట్టే. పిల్ల అలిసిపోతుంది, ట్యూబు నలిగి చిల్లు పడుతుంది, గోతుల్లో రిమ్ము సొట్టపోతుంది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. ఇంట్లో కొలవలేం కాబట్టి బొటనవేలితో టైరుని గట్టిగా నొక్కండి. దోరజామకాయలా గట్టిగా ఉంటే సరే. మెత్తగా లోపలికి దిగితే గాలి కొట్టాలి. వారానికోసారి చూస్తే చాలు.

పంక్చరు లేకుండానే గాలి దిగిపోతుంటే వాల్‌ట్యూబు చూడండి. పాత రకం వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, అది ఎండిపోయి చిట్లుతుంది. వాల్వు మీద సబ్బునీళ్ళు రాస్తే బుడగలు వస్తాయి. కొత్తది వేసుకోవడం సూదిలో దారం ఎక్కించినంత పని. రెండు మూడు కొని పోపులపెట్టెలో కాకుండా పిల్ల జామెట్రీ బాక్సులో పెట్టండి, దారిలో పనికొస్తాయి.

ఉప్పు గాలికి సైకిలు

మా ఊరి పేరులోనే ఉప్పు ఉంది, గాలిలో లేకుండా ఉంటుందా! సముద్రపు గాలిలో ఉండే ఉప్పు ఇనుము మీద చేరి తేమని లాక్కుంటుంది. తేమ ఉన్నచోట తుప్పు. తీరంలో ఉన్నవాళ్ళందరికీ ఇదే బాధ. మొదట తుప్పు పట్టేవి పుల్లల చివర్లు, చెయిను, సీటు కింద స్ప్రింగులు, నట్లు.

ఉప్పునీటి తుంపర్లు పడ్డ రోజున సైకిలుని మంచినీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడగడం దండగ. గొట్టం పెట్టి ఇరుసుల మీద ధారగా కొట్టకండి. లోపలి గ్రీజు పోయి బాల్సు తుప్పు పడతాయి. తుడిచాక నట్ల మీద, స్ప్రింగుల మీద వేలితో కొంచెం వాజెలిన్ రాస్తే ఉప్పు తగలదు.

రాత్రిళ్ళు సైకిలు మీద ప్లాస్టిక్ పట్టా కప్పకండి. లోపల చెమ్మ చేరి ఇంకా ఎక్కువ తుప్పు పడుతుంది. పాత నూలు చీర కప్పితే మంచిది. వరండాలోనో, గుమ్మం లోపలో పెట్టుకోగలిగితే మరీ మంచిది.

ఆదివారం పావుగంట

ఆదివారం తలంట్లు అయ్యాక పావుగంట సైకిలుకివ్వండి. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, దాని చేతే చేయించండి.

చెయినుని పాత టూత్‌బ్రష్షుతో, కొంచెం కిరోసిన్ తడి చేసుకుని రుద్దండి. పొయ్యికి, దీపానికి దూరంగా సుమండీ! కిరోసిన్ లేకపోతే సబ్బునీళ్ళతో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. తరవాత కుట్టుమిషను నూనె లింకు లింకుకీ ఒక్క చుక్క. పెడలు వెనక్కి తిప్పుతూ వేస్తే అన్నిటికీ పడుతుంది. ఐదు నిమిషాలాగి పైన మిగిలిన నూనె తుడిచేయండి. పైన ఉన్న నూనెకి ఇసక అంటుకుని చెయినుని అరగదీస్తుంది.

కొబ్బరినూనె, వంటనూనె వెయ్యకండి. కొన్నాళ్ళకి జిగురుగా మారి మట్టి పట్టేస్తాయి. రిమ్ముకి, బ్రేకు రబ్బర్లకి ఏ నూనే తగలకూడదు. తగిలితే బ్రేకు జారిపోతుంది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాకే సైకిలు బయటికి తియ్యండి. రబ్బర్ల మీది గాడులు అరిగి నున్నగా అయితే కొత్తవి వేయించాలి. బ్రేకు దగ్గర మాత్రం పొదుపు చెయ్యకండి.

రోడ్డు మీద

మన సైకిళ్ళకి మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. మీ సైకిలుకి ఎలా ఉందో పిల్లకి నొక్కి చూపించండి. వేగంగా పోతూ ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే సైకిలు ముందుకి బోర్లా పడుతుంది. రెండూ కలిపి మెల్లగా నొక్కడం ఖాళీ స్థలంలో పదిసార్లు చేయించాకే రోడ్డెక్కించండి. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. ముందు నుంచే నిదానించాలి.

రోడ్డు మీద ఇసక కప్పిన చోట మలుపు తిప్పకూడదు, గట్టిగా బ్రేకు వెయ్యకూడదు. దిగి తోసుకుపోవడం నామోషీ ఏమీ కాదు. మా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు సంగతి పేపర్లలో చదివే ఉంటారు. సముద్రం కోతకి ఎన్నిసార్లు వేసినా తెగుతూనే ఉంది. 2025 అక్టోబరులో మోంథా తుపానప్పుడు కెరటాలు రోడ్డు మీదికి వచ్చి రాకపోకలు ఆపేశారు. సముద్రం పోటు మీదున్న రోజున దగ్గరి దారి అని ఆ రోడ్డున సైకిలు మీద పంపకండి. చుట్టైనా లోపలి దారే నయం.

చున్నీ వెనక ముడి వేసుకోవాలి. సంచీ హ్యాండిలుకి తగిలించకూడదు, సైకిలు ఒకవైపు లాగేస్తుంది. కేరియర్ మీద పెట్టి బిగించాలి. ఒక చేత్తో గొడుగు, చెవిలో ఫోను పాటలు వద్దు. ముగ్గురు స్నేహితురాళ్ళు కబుర్లాడుకుంటూ పక్కపక్కన కాకుండా ఎడమ పక్కగా ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి. చీకటి పడుతుందంటే హ్యాండిలుకి తగిలించే చిన్న బ్యాటరీ లైటు ఉండాలి. పిల్లల హెల్మెట్లు ఇప్పుడు సైకిలు షాపుల్లోనూ దొరుకుతున్నాయి. తల ఒక్కటే కదండీ ఉండేది, కొనగలిగితే కొనండి.

వెనక కూర్చునే చిన్నవాళ్ళు

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. అక్క సైకిలు వెనక తమ్ముడిని కూర్చోబెట్టి పంపడం మనకి మామూలే. చిన్నపిల్లల కాళ్ళు వేలాడుతూ పుల్లల్లోకి వెళ్ళిపోతాయి. మడమ చర్మం ఊడి, ఒక్కోసారి ఎముక కూడా విరుగుతుంది. వెనక చక్రానికి రెండు వైపులా జాలీ, కాళ్ళు పెట్టుకోవడానికి ఆసరా లేకుండా ఐదారేళ్ళ పిల్లల్ని ఎక్కించనే వద్దు.

పొరపాటున కాలు ఇరుక్కుంటే చక్రాన్ని బలవంతంగా తిప్పకండి, కాలు పట్టుకు లాగకండి. పుల్లలు వంచో, కోసో కాలు బయటికి తియ్యాలి. పుల్లలు మళ్ళీ వేయించుకోవచ్చు. గాయాన్ని మంచినీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసుపూ కాఫీపొడీ అద్దకండి. పైకి చిన్నగా కనపడినా లోపల నలిగి ఉంటుంది కాబట్టి డాక్టరు చూడాల్సిందే.

ఈ వారం చిట్కా

యూనిఫాంకి చెయిను నూనె మరక అంటితే వెంటనే నీళ్ళలో వెయ్యకండి. మరక మీద మొహానికి రాసుకునే పౌడరు దట్టంగా చల్లి అరగంట ఉంచండి. నూనెని పౌడరు పీల్చుకుంటుంది. దులిపేసి, గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి మెత్తగా రుద్ది, చన్నీళ్ళతో ఉతకండి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చెయ్యకండి, వేడికి అది ఉండిపోతుంది.

ఒక పానా, ఒక చిన్న పంపు, కుట్టుమిషను నూనె సీసా, పాత టూత్‌బ్రష్షు, రెండు వాల్‌ట్యూబులు. ఇవి ఒక డబ్బాలో వేసి గుమ్మం దగ్గర పెట్టుకోండి, వెతుక్కోకుండా ఉంటుంది. ఇంతకీ, సైకిలు ఎవరిదైనా సాయంత్రం పూట మీరూ ఓ రెండు చుట్లు తొక్కి చూడండి. బ్రేకు ఎలా పడుతోందో, చెయిను ఏమంటోందో మీకే తెలుస్తుంది. రాదంటారా? మీ అమ్మాయిని అడగండి, సంతోషంగా నేర్పుతుంది.

ఉంటానండి మరి. వచ్చే వారం వానాకాలంలో పప్పులు, పిండ్లు పురుగు పట్టకుండా దాచుకోవడం గురించి చెప్పుకుందాం.